రంగు మారని నాచు

కుట్టు షాపు, మేడమీద గది
ఎండలు ముదురుతున్న రోజులు

అక్కా,

నీ కార్డు అందింది. పిల్ల చేరింది, భోంచేసింది, పడుకుంది. అంతే. పార్సిలు ముట్టినట్టు సంతకం పెట్టి పంపినట్టుంది. కన్నకూతురిని మొదటిసారి ఇల్లు దాటించిన తల్లికి ఇంకో నాలుగు ముక్కలు రాస్తే నీ చెయ్యి అరిగిపోదు.

కొన్ని సంగతులు ముందే చెప్పి ఉంచుతున్నాను. ఉదయం లేవగానే పలకరిస్తే దానికి చిరాకు. టీ తాగేదాకా వదిలెయ్యి. కిటికీ మూస్తే నిద్రపోదు. ఏదైనా నచ్చకపోతే నోరు విప్పి చెప్పదు, మౌనంగా ఉండిపోతుంది. ఆ మౌనాన్ని ఒప్పుకోలు అనుకోకు. నువ్వు పిల్లల్ని పెంచినదానివి కాదు గనక చెబుతున్నాను, దెప్పడానికి కాదు.

ఏడాది కోసమే పంపానని గుర్తుంచుకో. నీళ్ల చదువు చదివిన పిల్ల, ఆ పని ఒక్క ఏడాదైనా చేశానన్న తృప్తి ఉండాలని ఒప్పుకున్నాను. మీ కేంద్రంలో శిక్షణ అవగానే వచ్చి షాపు చూసుకుంటుంది. బోర్డు రాసేవాడికి కూడా చెప్పేశాను, "అమ్మ–కూతురు కుట్టు షాపు" అని. పెద్ద అక్షరాల్లో రాయమన్నాను.

పని బాగానే ఉంది. ఒకావిడ కోటు అంచంతా ఆకుపచ్చ పట్టుదారంతో కుట్టించుకుంటోంది. ఆ దారం వేళ్ల మధ్య నిలవదు, జారిపోతుంది. మా చిట్టెలుక ఉంటే ఇట్టే సూదికి ఎక్కించేది. బల్ల కింద కూర్చుని గుడ్డ పేలికలు కొరికేదని ఆ పేరు పెట్టాను. కాస్త పెద్దయ్యాక కళ్లు మూసుకుని ముట్టుకుని ఇది నూలు, ఇది పట్టు, ఇది కల్తీ అని చెప్పేది. నీకివేమీ తెలియవులే. నువ్వెప్పుడు వచ్చావు గనక.

నేను అడిగానని చెప్పు.

నీ చెల్లి


నీటి పరీక్షా కేంద్రం, రిజర్వాయరు గట్టు
తర్వాతి నెల

చెల్లీ,

కిటికీ తెరిచే ఉంచుతున్నాం. టీ తాగేదాకా ఎవరూ పలకరించడం లేదు. టీ తాగేదాకా నేనూ మనిషిని కానని నువ్వు మరిచిపోయినట్టున్నావు. ఆ చిరాకు నీ పోలిక కాదు.

నువ్వు అడగలేదు గానీ పని సంగతి రాస్తాను. ఊరంతా తాగే నీళ్లు మా రిజర్వాయరువే. రోజూ గట్టు చుట్టూ తిరిగి, నీళ్లలో ఏ నాచు పెరుగుతోందో చూసి పేరు పట్టుకోవాలి. చాలావరకు అమాయకమైనవే. ఒకటి రెండు రకాలు మాత్రం విషం. అందుకని ముందు కర్ర పెట్టి లేపుతాం. జుట్టులా కర్రకు వేలాడితే పోగునాచు, భయం లేదు. రంగు డబ్బా ఒలికినట్టుండి కర్ర మీంచి జారిపోతే అది చెడ్డది. దాన్ని చేత్తో ముట్టుకోకూడదు, పంపు ఆపించాలి. తక్కినవాటికి ముందు కన్ను, తర్వాత వేలు, ఆ తర్వాత ముక్కు. మైక్రోస్కోపు ఆఖరున. కారా అని ఒకటుంది, పట్టుకుంటే గరగరలాడుతుంది, వెల్లుల్లి వాసన వేస్తుంది. నీటివల అని ఇంకొకటి, చేపల వల అల్లినట్టే కళ్లు కళ్లుగా ఉంటుంది. కొత్తగా వచ్చేవాళ్లకు ఇవి పట్టుబడడానికి నెలలు కావాలి. మన చిట్టెలుక రెండు వారాల్లో నేర్చేసుకుంది.

దానికి నా కళ్లు వచ్చాయే. గట్టు మీద ఇద్దరం వంగి నిలబడితే వెనకనుంచి ఎవరు ఎవరో తెలియడం లేదని వాచ్‌మన్ అన్నాడు. ఆ రోజంతా ఆ మాట తలుచుకుని నవ్వుకుంటూనే ఉన్నాను.

బోర్డు సంగతి నేను దానికి చెప్పలేదు. నువ్వే చెప్పుకో.

అక్క


కుట్టు షాపు
వానలకు ముందు

అక్కా,

వెనకనుంచి చూస్తే అందరూ ఒకలాగే ఉంటారు. మీ వాచ్‌మన్‌ను ముందుకొచ్చి చూడమను. ఆ ముక్కు నాది, ఆ గడ్డం నాది, బుగ్గ మీద సొట్ట వాళ్ల నాన్నది. ఆ కళ్లు ఎవరివో కూడా నాకు తెలుసు. అవి మొదట తెరుచుకున్నప్పుడు ఎదురుగా ఉన్నది నేను. నువ్వు కాదు.

ఇంకొకటి. చిట్టెలుక అని పిలిచేది నేనొక్కదాన్నే. నువ్వు వేరే పేరేదైనా చూసుకో.

అది నాకు రాసే ఉత్తరాలు పాచి కంపు కొడుతున్నాయి. పెద్దమ్మ ఇలా చెప్పింది, పెద్దమ్మ అలా చూపించింది. ఎలా ఉన్నావే అని పేజీ నిండా నేను అడిగితే, బాగున్నాను అని ఒక్క మాట. మిగిలిందంతా పెద్దమ్మ భూతద్దం గురించే. నాకు కడుపు మండుతోంది అక్కా. నీ దగ్గర దాచడమెందుకు.

అందుకే నేనూ నాచు చూడడం మొదలుపెట్టాను. నవ్వకు. షాపు వెనక నీళ్ల తొట్టి ఉంది కదా, అందులోది కొంచెం ఈ సీసాలో పెట్టి పంపుతున్నాను. మూత గట్టిగా బిగించాను. ఇదేమిటో పేరు చెప్పు. ముందు నువ్వు చెప్పి, తర్వాత దానికి చూపించు. మీ గొప్ప కళ్లు ఎలాంటివో నేనూ చూస్తాను.

చెల్లి


నీటి పరీక్షా కేంద్రం
వానలు పడుతున్నాయి

చెల్లీ,

సీసా వచ్చింది. బస్సు కుదుపులకు కూడా చుక్క ఒలకలేదు. బిగించడంలో నీకు తిరుగులేదు.

ఈ మాత్రానికి అంత హడావుడి ఎందుకు? వెలుతురుకు ఎత్తి పట్టుకోగానే తెలిసిపోయింది. నిగనిగలాడే ఆకుపచ్చ, వెంట్రుకంత సన్నని పోగులు, కొమ్మల్లేవు, ఒకదాని మీద ఒకటి జారుతున్నాయి. స్పైరోగైరా. బడి పుస్తకంలో బొమ్మ ఉంటుంది. మూత తీయాల్సిన అవసరం కూడా రాలేదు. లేబులు రాసి అంటించి కిటికీలో పెట్టాను. సేకరించినవారు అన్నచోట నీ పేరు రాద్దామనుకున్నాను గానీ, నీకు గర్వం తలకెక్కుతుందని మానేశాను.

అమ్మాయికి చూపించాను. మూత తీసి, వేలు ముంచి, కాసేపు అలాగే నిలబడింది. ఏమిటే అన్నాను. "నువ్వు లేబులు రాసేశావుగా పెద్దమ్మా" అని మూత పెట్టేసింది. నేను చెప్పాక మళ్లీ పరీక్షించడమన్నది లేదు దానికి. నా మాట మీద అంత గురి.

నీ పేరు నీకు తిరిగి ఇచ్చేశాను. ఇప్పుడు అమ్మాయీ అనే పిలుస్తున్నాను. చిట్టెలుకా అంటే పలికినంత చప్పున మాత్రం పలకడం లేదు.

అన్నట్టు, నువ్వు పెట్టి పంపిన బట్టలు ఇక్కడికి పనికిరావు. మోకాళ్ల లోతు నీళ్లలో దిగాలి. రబ్బరు బూట్లు, వానకోటు కొనిపెట్టాను. కోటు భుజాలు కాస్త జారుతున్నాయి గానీ దానికి బాగా నచ్చింది. విప్పడమే లేదు.

అక్క


కుట్టు షాపు
మంగళవారం

అక్కా,

వేలు ముంచి ఏమీ అనలేదా? సరిగ్గా గుర్తు చేసుకుని రాయి. ముఖం ఎలా పెట్టింది? నలిపి చూసిందా, ఊరికే తాకిందా? నాకు రాసిన ఉత్తరంలో ఆ సీసా ఊసే లేదు. ఒళ్లో పెట్టుకుని పెంచిన పిల్ల, కొన్ని నెలల్లో ఇంతగా మరిచిపోతుందా? ఏం మరిచిపోయిందని అడగకు, చెప్పను. నాకు అన్నం కూడా సహించడం లేదు.

ఆ కోటు ఒకటి. ఊళ్లోవాళ్లందరికీ భుజాలు సరిచేసేది నేను. నా కూతురేమో కొన్న కోటు వేసుకుని, అదీ జారిపోతూ తిరుగుతోంది. దాని కొలతలు నా దగ్గరున్నాయి. ఒక్క ముక్క రాసి అడగాలని నీకు తోచలేదు. తోచినా అడగవు.

చెల్లి


నీటి పరీక్షా కేంద్రం
వానలు తగ్గాక

చెల్లీ,

కోపం కాస్త పక్కన పెట్టి ఇది చదువు. మీ అమ్మాయి ఇక్కడ ఘనకార్యం చేసింది.

నేను జలుబుతో మంచం పట్టాను. అది ఒక్కతే గట్టు మీదికి వెళ్లింది. పడమటి మూల నీళ్ల మీద పసుపచ్చని తెట్టు కనిపించింది. చెట్ల పుప్పొడి రాలిందని పంపు దగ్గరివాళ్లు కొట్టిపారేశారు. ఇది కర్ర పెట్టి లేపితే కర్రకు ఏమీ పట్టలేదు, జారిపోయింది. చేతికి తొడుగు వేసుకుని ఒక సీసాలో పట్టి, కదపకుండా చీకట్లో మర్నాటిదాకా ఉంచింది. అమాయకమైనదైతే అడుక్కి దిగాలి. ఇది పైకి తేలి ఆకుపచ్చని వలయం కట్టింది. ఇంజనీరు వచ్చేదాకా ఆగకుండా తనే నిలబడి ఆ వైపు పంపు ఆపించింది. పెద్ద ల్యాబువాళ్లు కూడా విషనాచేనని తేల్చారు.

అదే వారం పెద్ద సరస్సు కేంద్రం నుంచి ఒక మేడమ్ తనిఖీకి వచ్చింది. అమ్మాయిని తెగ మెచ్చుకుంది. నా వైపు తిరిగి "మీ అమ్మాయా?" అని అడిగింది. నేను వెంటనే కాదనలేదు. ఒక్క క్షణం అలా ఉండనిచ్చాను. నీకు రాయకూడదనుకున్నాను, రాసేశాను.

ఇక్కడ పోస్టు ఒకటి ఖాళీ అవుతోంది. నా పక్క గది కూడా ఖాళీయే. దాన్ని ఇక్కడే ఉండనివ్వు. బతిమాలుతున్నాను అనుకో. నేను నిన్ను ఇంతవరకు ఏమీ అడగలేదు.

అక్క


కుట్టు షాపు
ఉత్తరం అందిన రోజే

అక్కా,

కాదు అని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? రెండక్షరాలు.

అమ్మ నీకు పుస్తకాలు కొనిచ్చింది, నాకు సూది ఇచ్చింది. నేను కిక్కురుమనలేదు. నీకు గాలి వచ్చే గది, నాకు వంటింటి పక్క మూల. అప్పుడూ అనలేదు. నీ పాత గౌన్లు కురచ చేసుకుని తొడుక్కుంటూ కుట్టు నేర్చుకున్నాను. నీకున్నదేదీ నేను అడగలేదు. నాకున్నది ఇదొక్కటే. ఇవ్వను. పోస్టు ఖాళీగా ఉంటే ఉండనీ, గది ఖాళీగా ఉంటే బూట్లు పెట్టుకో. బోర్డు వచ్చేసింది. గోడకు ఆనించి ఉంది. అది రాగానే ఎక్కిస్తాను.

ఇంకా నీ కళ్లే గొప్పవనుకుంటున్నావు కదూ. కిటికీలో పెట్టిన నా సీసా ఎన్నాళ్లయింది? ఒకసారి లేచి చూసి రా.

చెల్లి


నీటి పరీక్షా కేంద్రం
చలి మొదలైంది

చెల్లీ,

చూశాను.

సీసా కిటికీలో లేదు. వెతికితే అమ్మాయి గదిలో దొరికింది, తలగడ పక్కన. మూసిన సీసాలో స్పైరోగైరా వారం నిలవదు. గోధుమరంగుకు తిరిగి కుళ్లిపోతుంది. ఇది నిన్న తెచ్చినంత పచ్చగా ఉంది. పోగునాచైతే ఎండ తగిలితే బుడగలు పట్టి పైకి తేలాలి. ఇది అడుక్కి దిగి కూర్చుంది. మూత తీశాను, వాసన లేదు. రెండు వేళ్లతో పట్టుకుని లాగాను, తెగలేదు.

పట్టుదారం. కోటు అంచు కుట్టగా మిగిలిన ముక్కలు.

కన్ను, వేలు, ముక్కు అని ఇన్నేళ్లుగా ఇక్కడికి వచ్చిన ప్రతివాళ్లకూ నూరిపోశాను. నేను మాత్రం కన్ను దగ్గరే ఆగిపోయాను. ఎందుకు ఆగానో తెలుసా? అది నీ సీసా కాబట్టి. నీ సీసాకు అంతకంటే సమయం ఇవ్వబుద్ధి కాలేదు. నువ్వు అది కనిపెట్టే పంపావు. నా ఒళ్లు మండిపోయింది. ఆ సీసా నేలకేసి కొట్టాలనుకున్నాను.

కొట్టలేకపోయాను. కాబట్టి ఇంకో సంగతీ విను, ఇన్నాళ్లూ నీకు రాయనిది. దానికి నా కళ్లు రాలేదు. అది కళ్లు మూసుకుని వేళ్లతో చూస్తుంది. మొదటిరోజు స్పైరోగైరా చేతిలోకి తీసుకుని "ఇది లైనింగు గుడ్డ పెద్దమ్మా" అంది. ముతక పోగునాచును పట్టుకుని ఉతకని నూలు అంది. కారాను గోనె అంది. అన్నీ సరిపోయాయి. నా పక్కన నిలబడి అది నీ షాపు మాటలు మాట్లాడుతుంటే నాకు అసూయ పుట్టింది. నీకు తెలిస్తే పొంగిపోతావని దాచాను.

వేలు ముంచిన రోజే దానికి తెలిసి ఉండాలి. మరి నాకెందుకు చెప్పలేదో అడగాలంటే నాకు ధైర్యం చాలడం లేదు.

అక్క


కుట్టు షాపు
శనివారం

అక్కా,

అడుగు. నువ్వు అడగకపోతే నేను బస్సెక్కి వస్తాను.

నవ్వుకుని ఉంటానని అనుకుంటున్నావేమో, నవ్వలేదు. తలగడ పక్కన అని రాసినచోటే ఆగిపోయాను. కొలతలు ఇవ్వడానికి వచ్చినావిడ చేతులు చాపుకుని నిలబడే ఉంది, నేను ఉత్తరం పట్టుకుని కూర్చునే ఉన్నాను. నా కూతురు నా దారం మరిచిపోలేదు. దాచుకుని పక్కన పెట్టుకు పడుకుందంటే ఇంటికి వస్తుందన్నమాటే కదా.

నీకు బాధగా ఉంటుంది. ఉండనీ, ఈ ఒక్కసారికి. బోర్డు ఎక్కించడానికి మనిషిని పిలిపిస్తున్నాను.

చెల్లి


నీటి పరీక్షా కేంద్రం
చలి బాగా ఉంది

చెల్లీ,

బోర్డు ఎక్కించకు.

అడిగాను. ఇద్దరం గట్టు మీద కర్రలు కడుక్కుంటున్నాం.

"మూత తీసిన రోజే తెలుసు పెద్దమ్మా. అమ్మ దారానికి మైనం రాస్తుంది. నీళ్లలో ఉన్నా వేలికి తెలుస్తుంది" అంది.

"మరి నాకు చెప్పలేదేం?"

"చెబితే నీ లేబులు చింపేసేదానివి."

"పోనీ మీ అమ్మకైనా రాయలేదేం?"

"రాస్తే అమ్మ బోర్డు ఎక్కించేసేది. ఆ బోర్డు గురించి అమ్మ మాట్లాడుతుంటే బయలుదేరకముందే మెట్ల మీదినుంచి విన్నాను."

కర్ర తుడిచి గోడకు నిలబెట్టి అంది: "మీరిద్దరూ చెరో చేయి పట్టుకుని లాగుతున్నారు. గుడ్డయితే ఎప్పుడో చిరిగేది. నేను పెద్ద సరస్సు కేంద్రానికి వెళుతున్నాను. ఆ మేడమ్ రమ్మంది. అమ్మకు రాయడానికి నాకు చేతులు రావడం లేదు, నువ్వు రాయి."

రాస్తున్నాను. నా పక్క గది ఖాళీగానే ఉండబోతోంది. నీ షాపూ అంతే.

ఆ మేడమ్‌ను నువ్వు చూడలేదు. తెల్లని బూట్లు వేసుకుని గట్టు మీదికి వచ్చింది. కర్ర పట్టుకోవడం కూడా సరిగ్గా రాదు. ప్రతిదానికీ మైక్రోస్కోపు తీయమంటుంది. ఆవిడలో ఏం చూసిందో నాకు అంతుపట్టడం లేదు. పొద్దున్నే పలకరిస్తే దీనికి చిరాకని, కిటికీ మూయకూడదని ఆవిడకెవరు చెబుతారు? ఉత్తరం రాద్దామనుకున్నాను. నవ్విపోతుందని మానుకున్నాను.

దారిలో నీ దగ్గర ఆగి వెళుతుందట. నా కోటు వేసుకునే వస్తుంది. భుజాలు సరిచెయ్యి.

అక్క


కుట్టు షాపు, మేడమీద గది
అది వెళ్లిన మర్నాడు

అక్కా,

వచ్చింది, వెళ్లింది. భోంచేసింది, పడుకుంది. నీలాగే రాస్తున్నానని తిట్టుకోకు, వేరే రాయడానికి చెయ్యి ఆడడం లేదు.

కోటు భుజాలు విప్పి కుట్టాను. ఎలాగూ విప్పాను కదా అని లోపల లైనింగు కూడా మార్చేశాను. ఇప్పుడు పైది నీది, లోపలిది నాది. వెచ్చగా ఉండేది లోపలిదే.

పిల్ల ఆ మేడమ్ ఫోటో చూపించింది. నువ్వన్నది నిజమే, ఆవిడ ముఖంలో ఏమీ లేదు. ఆవిడ వేసుకున్న కోటు కుట్టినవాడికి చేతులు నిలబెట్టడం రాదు. ఆ మాటే అన్నాను. "పెద్దమ్మ కూడా ఆవిడ బూట్ల గురించి ఇలాగే అంది" అని నవ్వింది. అది అలా నవ్వుతుంటే నీ మీద నాకు కోపం రాలేదు. ఆశ్చర్యమేసింది.

బోర్డు గోడకే ఆనించి ఉంది. దాని వెనక బల్లి కాపురం పెట్టింది. పిల్ల బోర్డు చూసి, చేత్తో అక్షరాల మీద దుమ్ము తుడిచింది. నేను వంటింట్లోకి వెళ్లిపోయాను.

ఇక అసలు సంగతి. అది స్నానానికి వెళ్లినప్పుడు సంచి సర్దుదామని తెరిచాను. బట్టల మధ్య ఆ సీసా ఉంది. నీ భూతద్దం నీ దగ్గరే వదిలేసి వచ్చిందట, నేనిచ్చిన కత్తెరా ఇక్కడే పెట్టేసింది. సీసా మాత్రం పట్టుకెళుతోంది. దాని మీద నీ చేతిరాత, గుండ్రంగా, స్పైరోగైరా అని. నా దారం మీద నీ రాత ఎందుకుండాలనిపించింది. గోరు పెట్టి లేబులు ఒక మూల లేపాను. ఇంకొంచెం లాగితే వచ్చేసేదే. స్నానాలగదిలో నీళ్ల చప్పుడు ఆగింది. పరుగున కిందికెళ్లి జిగురు తెచ్చి మళ్లీ అంటించాను. తొందరలో సరిగ్గా అంటలేదు.

వచ్చి చూసింది. ఆ మూలను వేలితో రుద్దింది. ఏమీ అనకుండా మేజోళ్లలో చుట్టి పెట్టుకుంది. దాని మౌనం గురించి నీకు పాఠం చెప్పింది నేనే కదా.

ఏదో ఒకరోజు ఆ మేడమ్ సీసా చేతిలోకి తీసుకుని, ఇది స్పైరోగైరా కాదు, లేబులు తప్పు అంటుంది. మన పిల్ల ఏం చెబుతుందో నాకు తెలుసు. లేబులు మా పెద్దమ్మది, దారం మా అమ్మది అని చెబుతుంది. ఆ మూల ఎందుకు లేచిందని అడిగితే మాత్రం చెప్పదు.

నువ్వూ చెప్పకు.

నీ చెల్లి